మూడు మచ్చలకూ ఒకే క్రీము: తామరా, ఎగ్జిమానా, సోరియాసిసా?

ప్రశ్న: నా వయసు 34. అయిదు నెలలుగా ఒంటి మీద మూడు చోట్ల మచ్చలున్నాయి. రెండు మోచేతుల మొనల మీద మందంగా, తెల్లటి పొట్టు రాలుతూ ఒక రకం. బొడ్డు కింద, ప్యాంటు గుండీ తగిలే చోట నల్లబడి విపరీతంగా దురద పెట్టేది ఇంకొకటి. తొడ లోపలి వైపు మొదట గోరంత ఉండి, ఇప్పుడు అరచేయంత పాకింది మూడోది. ఒకరు తామర అన్నారు, ఒకరు ఎగ్జిమా అన్నారు, మరొకరు సోరియాసిస్ అన్నారు. చీటీ లేకుండా కొన్న క్రీము ఒకటి మూడింటికీ రాస్తున్నాను. దాని మీద క్లోబెటసాల్, ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్ అని రాసి ఉంది. రాస్తే వారంలో తగ్గుతాయి, మానేస్తే పది రోజుల్లో మళ్లీ వస్తాయి. ఎర్రగా ఉంటే ఎగ్జిమా అని చదివాను కానీ నా చామనఛాయ ఒంటి మీద ఎరుపే కనిపించడం లేదు. ఇవన్నీ ఒకటేనా? ఎలా గుర్తుపట్టాలి?

సమాధానం: మీరు చెప్పినదాన్ని బట్టి ఇవి మూడూ మూడు వేర్వేరు జబ్బులయ్యే అవకాశమే ఎక్కువ. మోచేతులది సోరియాసిస్ కావచ్చు. బొడ్డు కిందది గుండీలోని నికెల్ లోహం పడక వచ్చిన కాంటాక్ట్ డెర్మటైటిస్, అంటే ఒక రకం ఎగ్జిమా, కావచ్చు. తొడ మీదది ఫంగస్ తామర కావచ్చు. అంటే మీకు చెప్పిన ముగ్గురూ తలా ఒక మచ్చ విషయంలో సరిగ్గానే చెప్పి ఉండవచ్చు. ఖాయంగా చెప్పడానికి మాత్రం చర్మాన్ని చూడాలి. అయిదు నెలలుగా మీరు రాస్తున్న క్రీము అసలు గుర్తుల్లో చాలావాటిని చెరిపేసి ఉంటుంది కూడా. అందుకే ఒంటి మీద ఎన్ని మచ్చలున్నా ప్రతిదాన్నీ విడిగా చూడండి. ఒకదానికి వచ్చిన జవాబును పక్కదానికి అంటగట్టకండి.

ముందు మాటల చిక్కు తీర్చుకుందాం. తామర అనే మాటను కొందరు ఫంగస్ జబ్బుకు వాడితే, కొందరు ఎగ్జిమాకు వాడతారు. గజ్జి అంటే సన్నటి పురుగు చర్మంలో దూరడం వల్ల వచ్చేదే అయినా, దురద పెట్టే ప్రతిదాన్నీ గజ్జి అనేస్తుంటారు. పొట్టు రాలితే చాలు సోరియాసిస్ అని భయపడేవాళ్లూ ఉన్నారు. ఈ జవాబులో తామర అంటే ఫంగస్ జబ్బు మాత్రమే. ఈ తేడా పట్టించుకోవాల్సిందే, ఎందుకంటే తామర, గజ్జి ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. ఎగ్జిమా, సోరియాసిస్ ఎంత తాకినా అంటుకోవు. తామరను పెంచే స్టెరాయిడ్ పూతే (మీ క్రీములోని క్లోబెటసాల్ లాంటి, వాపును అణిచే మందు) ఎగ్జిమాను తగ్గిస్తుంది. పేరు తప్పితే మందు తిరగబడుతుందన్నమాట.

ఇక రంగు సంగతి. చర్మం వాచినప్పుడు రక్తనాళాలు విప్పారతాయి. తెల్లటి ఒంటి మీద అది ఎర్రగా కనిపిస్తుంది. చామనఛాయ, నలుపు ఒంటి మీద అదే వాపు ఊదాగా, బూడిద రంగులో, లేదా చుట్టూ ఉన్న చర్మం కంటే ముదురు గోధుమ రంగులో కనిపిస్తుంది. కాబట్టి ఎరుపును వెతకడం మానేసి వేళ్లతో చూడండి. పక్క చర్మం కంటే వెచ్చగా ఉందా, ఉబ్బెత్తుగా ఉందా, గరుకుగా ఉందా? జబ్బు తగ్గాక కూడా నల్లటి మరక నెలల తరబడి ఉండిపోతుంది. దురద లేదు, పొట్టు లేదు, వేలికి ఎత్తు తగలడం లేదు, రంగు మాత్రమే మిగిలింది అంటే అది పాత మరక. దానికి స్టెరాయిడ్ రాయకూడదు. మరక పోలేదని క్రీము కొనసాగిస్తూ చర్మాన్ని పలచబరుచుకునేవారు చాలామంది.

చూసే పద్ధతి కూడా చెబుతాను. స్నానం చేసిన వెంటనే, నూనె గానీ మాయిశ్చరైజర్ గానీ రాసుకున్నాక చూడకండి, తడికి పొట్టు కనపడకుండా పోతుంది. పగటి వెలుతురులో కిటికీ పక్కన, వెలుగు ఒక వైపు నుంచి ఏటవాలుగా పడేలా నిలబడండి. రెండు వేళ్లతో చర్మాన్ని కాస్త సాగదీయండి. ఎక్కడ వచ్చింది, అంచు ఎలా ఉంది, పొట్టు ఎలాంటిది, ఒక్కో మచ్చ ఎంతకాలం నిలుస్తోంది, ఈ నాలుగూ చూడండి.

మోచేతులతో మొదలుపెడదాం. చేయి మడిచినప్పుడు బయటికి పొడుచుకొచ్చే మొన మీద వచ్చిందా, లోపలి మడతలో వచ్చిందా అన్నది పెద్ద ఆధారం. మొనల మీద, మోకాలి చిప్పల మీద, నడుము కింది భాగంలో రెండు వైపులా ఒకేలా వచ్చేది సాధారణంగా సోరియాసిస్. మడతల్లో, అంటే మోచేయి లోపల, మోకాలి వెనక, మెడ చుట్టూ వచ్చేది సాధారణంగా అటోపిక్ ఎగ్జిమా, అంటే ఉబ్బసం, తుమ్ముల లాంటి ఎలర్జీ స్వభావంతో పాటు వచ్చే రకం. సోరియాసిస్ అంచు ఎంత స్పష్టంగా ఉంటుందంటే, కళ్లు మూసుకుని వేలు జరిపినా మచ్చ ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. ఎగ్జిమా అంచు చుట్టూ ఉన్న చర్మంలోకి కలిసిపోతుంది, ఎక్కడ ఆగిందో గీత గీయలేం.

పొట్టునూ గమనించండి. మొద్దుగా ఉన్న చెంచా అంచుతో మోచేతి మచ్చను ఒకటి రెండుసార్లు మెల్లగా గీరితే, సోరియాసిస్ అయితే కొవ్వొత్తి మైనాన్ని గీరినట్టు తెల్లటి రేకులు పొరలుపొరలుగా లేస్తాయి. అక్కడితో ఆపండి. ఇంకా గీరితే కింద పలచటి పొర, దాని కింద సూదిమొనంత రక్తపు చుక్కలు కనిపిస్తాయి. వైద్యులకు అదొక గుర్తే గానీ, ఇంట్లో అంతదాకా వెళ్లొద్దు, గాయమైన చోటే సోరియాసిస్ కొత్తగా మొలుస్తుంది. గీరుడు గీత వెంట, ఆపరేషన్ కుట్ల వెంట వరసగా మచ్చలు రావడం ఈ జబ్బు స్వభావం. ఇంత పొట్టు ఎందుకంటే, చర్మం పై పొర కణం అడుగున పుట్టి పైకి వచ్చి రాలడానికి మామూలుగా నెల పడుతుంది. సోరియాసిస్‌లో కొద్ది రోజుల్లోనే పైకి తోసుకొచ్చేస్తుంది. పూర్తిగా పండకుండానే పేరుకుపోయిన ఆ కణాలే తెల్లటి పొలుసులు.

మోచేతుల మీద అనుమానం వచ్చిందంటే వెతకాల్సిన చోట్లు ఇంకా ఉన్నాయి: జుట్టు మొదలయ్యే గీత దాటి నుదుటి మీదికి వచ్చిన పొట్టు, చెవుల వెనక, బొడ్డు లోపల, పిరుదుల మధ్య గాడి. గోళ్లను తప్పకుండా చూడండి. సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు, గోరు కింద నూనె చుక్క పడ్డట్టు పసుపు గోధుమ మచ్చ, చివరి నుంచి గోరు విడిపోయి లేవడం సోరియాసిస్ వైపు చూపిస్తాయి. ఒక ప్రశ్న కీళ్ల గురించి. పొద్దున్నే లేవగానే వేళ్లు అరగంటకు మించి బిగుసుకుపోతున్నాయా, ఒక వేలు మొత్తం ఉబ్బిందా, మడమ వెనక నొప్పి ఉందా? సోరియాసిస్ ఉన్నవారిలో నూటికి 30 మంది దాకా కీళ్ల జబ్బు వస్తుంది. ఆలస్యమైతే కీలు పాడై మళ్లీ పూర్వ స్థితికి రాదు. ఈ మాట మీరు అడగలేదు కానీ, చర్మం కంటే ముందు ఆలోచించాల్సింది ఇదే.

ఎగ్జిమాకు దురద ప్రాణం. దురద లేకుండా అటోపిక్ ఎగ్జిమా ఉండదు. సోరియాసిస్‌లోనూ దురద చాలామందికి ఉంటుంది కాబట్టి, దురద ఉందని సోరియాసిస్‌ను కొట్టిపారేయకూడదు, దురద అసలే లేదంటే మాత్రం ఎగ్జిమాను పక్కన పెట్టవచ్చు. వయసును బట్టి ఎగ్జిమా చోటు మారుతుంది. పసిపిల్లలకు బుగ్గలు, తల, చేతుల కాళ్ల బయటి వైపు. రెండేళ్లు దాటాక మడతలు. పెద్దయ్యాక చేతులు, కనురెప్పలు, మెడ. కొత్తగా వచ్చినప్పుడు సన్నటి నీటిపొక్కులు, రసి. చాలాకాలం గోకాక చర్మం మందమై, గీతలు లోతుగా తేలి, తోలులా మారుతుంది. నల్లటి ఒంటి మీద రోమకూపాల చుట్టూ గగుర్పాటు వచ్చినట్టు చిన్న గట్టి గుబ్బలుగా రావడం మామూలే, దాన్ని చాలామంది ఎగ్జిమాగా గుర్తించరు. చిన్నప్పటి ఉబ్బసం, పొద్దున్నే వరస తుమ్ములు, ఇంట్లో ఎవరికైనా ఇవి ఉండటం కూడా దీనివైపే మొగ్గే ఆధారాలు.

మీ బొడ్డు కింది మచ్చ విషయంలో చోటే దాదాపు జవాబు చెప్పేస్తోంది. ఒంటి జబ్బులకు గుండీ ఆకారం తెలియదు. లోహం తగిలినంత మేరకే వచ్చిందంటే బయటి వస్తువు పనే. చెవి రింగు కింద, గడియారం గొలుసు కింద, చెప్పు పట్టీ కింద వచ్చేవీ ఇలాంటివే. జుట్టు రంగు పడనివారికి తల కంటే చెవులు, నుదురు, కనురెప్పలు ఎక్కువ వాస్తాయి. గోళ్ల రంగు పడకపోతే వేళ్లు బాగానే ఉండి, ఆ వేళ్లు తాకిన రెప్పలు వాస్తాయి. కారణం దొరక్కపోవడానికి ఇంకో మెలిక ఉంది. ఎలర్జీ మూలంగా వచ్చే కాంటాక్ట్ డెర్మటైటిస్ తగిలిన వెంటనే రాదు, ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఈ రోజు దురద పెడితే ఈ రోజు వాడినదాన్ని కాదు, మొన్నటిదాన్ని అనుమానించాలి. ఏళ్ల తరబడి పడిన వస్తువు కూడా ఒకనాటి నుంచి పడకపోవచ్చు. సబ్బు, డిటర్జెంట్ లాంటివి ఎలర్జీ లేకుండానే చర్మాన్ని కోసేస్తాయి. అలాంటిది మొదట ఉంగరం కింద, వేళ్ల సందుల్లో పగుళ్లుగా కనిపిస్తుంది.

గుండీలో నికెల్ ఉందో లేదో చూడటానికి డైమిథైల్ గ్లయాక్సైమ్ పరీక్ష కిట్లు దొరుకుతాయి. దూది పుల్ల మీద చుక్కలు వేసి లోహం మీద రుద్దితే, నికెల్ వదులుతుంటే దూది గులాబీ రంగుకు మారుతుంది. కిట్ లేకపోతే గుండీ లోపలి వైపు మందపాటి గుడ్డ రెండు పొరలు కుట్టించండి, బెల్టు బకిల్ మార్చండి, నాలుగైదు వారాలు చూడండి. చొక్కా లోపల దోపుకోవడం ఒక్కటే చాలదు, చెమటకు నికెల్ కరిగి పలచటి గుడ్డ దాటి వస్తుంది. ఖాయంగా తెలుసుకోవాలంటే ప్యాచ్ పరీక్ష చేయించుకోవాలి. వీపు మీద అనుమానిత పదార్థాల పట్టీలు 48 గంటలు ఉంచి తీసేసి, తీయగానే ఒకసారి, మళ్లీ ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. రక్త పరీక్షలూ, చేతి మీద సూదితో గుచ్చే పరీక్షలూ ఈ రకం ఎలర్జీని పట్టలేవు, వాటి మీద డబ్బు పెట్టకండి. వీపు మీద స్టెరాయిడ్ రాస్తూ, లేదా స్టెరాయిడ్ మాత్రలు మింగుతూ ప్యాచ్ పరీక్ష చేయించుకుంటే ఫలితం తప్పుగా రావచ్చు.

ఇక తొడ మీదది. దీని దగ్గర కాసేపు ఆగుదాం, ఎక్కువ నష్టం జరుగుతున్నది ఇక్కడే. మందు పూయని తామరను దగ్గరగా చూస్తే, అంచు కాస్త ఎత్తుగా, చిన్న చిన్న గుబ్బలతో, పొట్టుతో చురుగ్గా ఉంటుంది. మధ్యభాగం మానినట్టు చదునుగా ఉంటుంది. ఫంగస్ చర్మపు పై పొరలోని కెరాటిన్‌ను తింటూ బయటికి జరుగుతుంది కాబట్టి యుద్ధమంతా అంచులోనే. నాణెంలా గుండ్రంగా వచ్చే ఎగ్జిమా ఒకటుంది, దాన్ని చూసి తామర అనుకుంటారు. అందులో మధ్యభాగం కూడా అంచులాగే రసి కారుతూ, చెక్కు కట్టి ఉంటుంది. తామర సాధారణంగా ఒక వైపే మొదలవుతుంది, రెండు వైపులా వచ్చినా ఒకేలా ఉండదు.

మీ క్రీములోని క్లోబెటసాల్ పూత స్టెరాయిడ్లలో అన్నిటికంటే బలమైన తరగతిది. అది రాయగానే వాపు, దురద తగ్గుతాయి. ఫంగస్ చచ్చిపోయింది అనుకుంటాం. నిజానికి దాన్ని అడ్డుకుంటున్న ఒంటి ప్రతిఘటనే నిద్రపోయింది. కాపలా లేని పొలంలో పడ్డట్టు అది మేస్తూ పోతుంది. క్రీములో ఫంగస్ మందు కూడా ఉన్నా, ఆ బలమైన స్టెరాయిడ్ ముందు దాని పని సాగదు. అంచు చెదిరిపోయి వలయంలో వలయం పుడుతుంది, పొట్టు మాయమవుతుంది, చూసినవాళ్లకు తామరలాగే అనిపించదు. గజ్జలు, తొడ లోపలి వైపు చర్మం పలచన, మడత వల్ల మందు ఇంకా లోతుగా ఇంకుతుంది. అక్కడ కొద్ది వారాల్లోనే ఊదా రంగు చారలు పడవచ్చు, ఆ చారలు శాశ్వతం.

కాబట్టి తొడకు ఆ క్రీము ఈ రోజే ఆపండి. ఆపిన మొదటి వారం పది రోజులు దురద పెరుగుతుంది. అది తెలిసి ఉంటే భయపడి మళ్లీ మొదలుపెట్టరు. చర్మ వైద్యులు అంచు నుంచి కాస్త పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఫంగస్ దారాలు కనిపిస్తాయి. నిమిషాల్లో అయ్యే పరీక్ష. వైద్యులను త్వరగా చూడగలిగితే ఫంగస్ మందు రాయకుండానే వెళ్లండి, రాసుకుని వెళ్తే దారాలు దొరక్కపోవచ్చు. తామరని తేలితే, చిన్న మచ్చకు టెర్బినాఫిన్ లాంటి పూత సరిపోతుంది. అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర రాసి, కంటికి తగ్గాక కూడా ఒకటి రెండు వారాలు కొనసాగించాలి. మీలా స్టెరాయిడ్‌తో పాకినదానికి మాత్రలు అవసరం పడటం ఎక్కువ, అవి వైద్యులు రాయాల్సినవి. కాలివేళ్ల సందులు చూడండి. గజ్జల తామరకు మూలం చాలాసార్లు పాదాల్లోనే ఉంటుంది, లోదుస్తులు కాళ్ల మీదుగా తొడుక్కునేటప్పుడు పైకెక్కుతుంది. తువ్వాలు విడిగా పెట్టుకోండి, ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే అందరికీ ఒకేసారి వైద్యం జరగాలి.

మోచేతుల మీద కూడా వైద్యులు చూసేదాకా ఆపగలిగితే మంచిది, వారం రెండు వారాల్లో చూపించుకోండి. అక్కడ స్టెరాయిడ్ పూత అవసరం కావచ్చు, కానీ ఒక లెక్క ప్రకారం. చూపుడువేలి కొన నుంచి మొదటి గీత దాకా ట్యూబు నుంచి పిండిన మందు దాదాపు అర గ్రాము. అది వేళ్లతో కలిపి రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. క్లోబెటసాల్‌ను వైద్యుల పర్యవేక్షణ లేకుండా రెండు వారాలకు మించి రాయకూడదు. సోరియాసిస్ అనుమానం ఉన్నప్పుడు స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు తీసుకోకండి. అవి ఆపాక జబ్బు చీముపొక్కులతో ఒళ్లంతా ఎగదన్నే ప్రమాదం ఉంది. రక్తపోటుకు బీటా బ్లాకర్లు, మానసిక వైద్యంలో లిథియం వాడుతుంటే ఆ సంగతి చెప్పండి, ఇవి సోరియాసిస్‌ను రేపగలవు. అలాగని మీ అంతట మీరు వాటిని మానేయవద్దు.

మాయిశ్చరైజర్ మాత్రం నిశ్చింతగా వాడవచ్చు. గోరువెచ్చని నీటితో అయిదు పది నిమిషాల స్నానం, తువ్వాలుతో అద్ది, తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని మందపాటి మాయిశ్చరైజర్. ఒళ్లంతా పొడిబారే ఎగ్జిమా ఉన్న పెద్దవారికి వారానికి 250 నుంచి 500 గ్రాములు పడుతుంది. చిన్న ట్యూబు నెలంతా వస్తోందంటే చాలినంత రాయడం లేదన్నట్టే.

ఇలాగే పొరబడే మరికొన్నిటిని కూడా చెబుతాను. కనుబొమల్లో, ముక్కు పక్క గాడుల్లో, చెవుల వెనక, ఛాతీ మధ్యలో జిడ్డుగా పసుపు పొట్టు వస్తే సెబోరిక్ డెర్మటైటిస్. నల్లటి ఒంటి మీద అది పాలిపోయిన మచ్చలుగా కనిపిస్తుంది. కీటోకొనజోల్ 2% షాంపూ అయిదు నిమిషాలు ఉంచి కడగడం, వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు, చాలామందికి పనిచేస్తుంది. మొండెం మీద ముందు ఒక పెద్ద మచ్చ వచ్చి, వారం రెండు వారాలకు చిన్నవి పక్కటెముకల వాలు వెంట బారులుగా వస్తే పిటిరియాసిస్ రోజియా. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో దానంతటదే పోతుంది. అలాంటి మచ్చలు అరచేతుల్లో, అరికాళ్లలో కూడా ఉంటే సిఫిలిస్ రక్త పరీక్ష చేయించుకోవాలి. మణికట్ల మీద ఊదా రంగులో నున్నగా, చదునుగా, మూలలు దేలిన గుబ్బలు, బుగ్గ లోపల తెల్లటి అల్లిక ఉంటే లైకెన్ ప్లానస్. దద్దుర్లయితే పెన్నుతో చుట్టూ గీత గీయండి, 24 గంటల్లో ఆ దద్దురు అక్కడి నుంచి జరిగిపోవాలి. అదే చోట ఉండిపోయి, నొప్పి పెట్టి, కమిలిన మరక వదిలితే అది మామూలు దద్దురు కాకపోవచ్చు, చూపించాలి. దురద రాత్రిపూట ఎక్కువై, వేళ్ల సందుల్లో ఉండి, ఇంట్లో ఇంకొకరు కూడా గోకుతుంటే గజ్జి.

కొన్నింటికి ఆగకూడదు. ఎగ్జిమా ఉన్న చోట నొప్పితో, ఒకే సైజులో, గుండ్రంగా తవ్వినట్టు పుండ్లు, జ్వరం వస్తే అది హెర్పిస్ వైరస్ సోకడం కావచ్చు, అదే రోజు వైద్యం కావాలి. ఒళ్లు దాదాపు మొత్తం ఎర్రబడి లేదా ముదురు రంగుకు మారి పొట్టు రాలుతూ వణుకు పుట్టడం, కొత్త మందు వేసుకున్నాక నోట్లో పుండ్లతో ఒంటి మీద పొక్కులు లేవడం ఆసుపత్రి సంగతులు. ఒక్క రొమ్ము మొన మీదే వారాల తరబడి మానని ఎగ్జిమా లాంటిది ఉంటే ముక్క తీసి పరీక్షించాలి, దాని కింద క్యాన్సర్ ఉండవచ్చు. దురద లేని పాలిపోయిన మచ్చలో దూదితో తాకినా స్పర్శ తెలియకపోతే అది కుష్ఠు కావచ్చు. మందులతో పూర్తిగా నయమవుతుంది, నరాలు దెబ్బతినకముందే వెళ్లాలి.

వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ క్రీము ట్యూబు వెంట తీసుకెళ్లండి. ఎన్ని వారాలు, రోజుకు ఎన్నిసార్లు రాశారో చెప్పండి. ఈ రోజే మూడు మచ్చలకూ పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి. క్రీము ఆపాక ప్రతి నాలుగు రోజులకూ ఒకసారి తీయండి. పూత ప్రభావం తగ్గేకొద్దీ తొడ మీద అంచు తేలుతుందా, మోచేతుల మీద పొలుసు మందమవుతుందా, గుడ్డ కుట్టించాక బొడ్డు కింద దురద తగ్గుతుందా అన్నది ఆ ఫొటోల్లో వైద్యులకు వరసగా కనిపిస్తుంది.